మందుల బిల్లు మీద వాదించడం ఎలా?

మందుల ఖర్చు గురించి నలుగురు మాట్లాడుకోవడం మొదలుపెడితే పది నిమిషాల్లో ఏం జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. ఒకరు బిల్లు చూపించి వాపోతారు. రెండో వాళ్లు "జెనరిక్ కొనుక్కోవచ్చుగా" అంటారు, అంటే అదే మందుని వేరే కంపెనీ తయారుచేసి చవకగా అమ్మే రకం. మూడో వాళ్లు "అవి పనిచేయవండీ, మా ఇంట్లో వాడి చూశాం" అంటారు. నాలుగో మనిషి కుర్చీలో వెనక్కి వాలి, "ముందు నుంచీ ఒంటిని చూసుకుని ఉంటే అసలు ఈ మందులెందుకు?" అని తేల్చేస్తారు. అక్కడి నుంచి గొంతులు పెరుగుతాయి. ఒకరు ధర గురించి, ఒకరు నాణ్యత గురించి, ఒకరు నడవడిక గురించి మాట్లాడుతుంటే అది ఎప్పటికీ తెగదు.

అందుకని ఈ వాదన మానేయమని చెప్పను. చేయాల్సిన వాదనే ఇది. ఇంట్లో పెద్దవాళ్ల మందులు మార్చాలా వద్దా అన్నప్పుడు, ఆఫీసులో ఆరోగ్య బీమా ఎలా ఉండాలి అన్నప్పుడు, ప్రభుత్వం దేనికి ఎంత పెట్టాలి అన్నప్పుడు మనకి ఇదే ఎదురవుతుంది. కాస్త పద్ధతిగా చేస్తే ఏదో ఒకటి తేలుతుంది. ఆ పద్ధతి ఇదీ.

1. ముందు బిల్లుని విడగొట్టండి

"వైద్యం ఖర్చు" అని ఒక్క మాటలో అనేస్తాం కానీ దాని లోపల కనీసం రెండు రకాల ఖర్చులున్నాయి. ఆపరేషన్, ఐసీయూ, యాక్సిడెంట్ లాంటివి ఒక్కసారిగా మీద పడతాయి. బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె మందులు నెలనెలా కొద్దికొద్దిగా, జీవితాంతం పోతూనే ఉంటాయి. మొదటి దానికి బీమా కావాలి. రెండో దానికి చవకగా దొరికే మంచి మందు కావాలి. ఐసీయూ బిల్లు గురించి ఏడుస్తున్న మనిషికి జెనరిక్ మందుల సలహా ఇస్తే చిరాకే వస్తుంది. ఆ బిల్లులో గది, పరీక్షలు, సర్జన్ ఫీజు, వాడి పడేసే సామాను పోను మందుల వాటా ఎంతో ముందు చూడాలి కదా.

కుటుంబం మొత్తం ఖర్చులో 10 శాతం దాటి, లేదా 25 శాతం దాటి సొంత జేబులోంచి వైద్యానికి పోతే దాన్ని కుటుంబాన్ని దెబ్బతీసే ఖర్చుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు చాలాకాలం లెక్కగడుతూ వచ్చాయి. వాదనలో ఈ కొలత పనికొస్తుంది. "ఎక్కువ ఖర్చు" అని ఎవరైనా అన్నప్పుడు రూపాయల్లోనో డాలర్లలోనో ఎంతో అడగడం కన్నా, ఆ ఇంటి ఖర్చులో అది ఎన్నో వంతు అని అడగండి. మాట ఒక్కసారిగా నేల మీదికి వస్తుంది.

2. ప్రశ్నల్ని కలవనివ్వకండి

ఇక్కడ మూడు ప్రశ్నలున్నాయి. మందుకి ఇంత ధర ఎందుకు? చవక మందు కూడా అంతే పనిచేస్తుందా? ఖర్చు ఎవరు భరించాలి? మొదటిది చట్టం, మార్కెట్ తేల్చేది. రెండోది ల్యాబ్‌లో తేలేది. మూడోది న్యాయాన్యాయాల సంగతి, దాన్ని ఏ ల్యాబూ తేల్చలేదు. ఒక ప్రశ్నకి ఇంకో ప్రశ్నతో ఎవరైనా జవాబిస్తే మెల్లిగా ఆపండి. "బాబాయ్, అది వేరే సంగతి. దాని దగ్గరికీ వద్దాం, ముందు ఇది తేల్చుకుందాం" అంటే సరిపోతుంది. ఈ ఒక్క మాట అనే అలవాటుంటే సగం గొడవలు మొదలే కావు.

3. ధర గురించైతే, అమ్మేవాళ్లు ఎంతమందో అడగండి

"ఆ మాత్ర తయారు చేయడానికి పైసలే అవుతుంది, వందలకి అమ్ముతున్నారు" అని చాలామంది మొదలుపెడతారు. తయారీ ఖర్చుని బట్టి మందు ధర ఉంటుందని అనుకోవడంలోనే చిక్కు ఉంది. దాన్ని అమ్మే హక్కు ఎంతమందికి ఉంది అనే దాన్ని బట్టే ధర ఎక్కువగా నడుస్తుంది.

కొత్త మందుకి పేటెంట్ ఉంటుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో 1995 నుంచి అమల్లో ఉన్న ట్రిప్స్ అనే మేధోహక్కుల ఒప్పందం ప్రకారం దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లు. పరీక్షలు పూర్తయి మందు మార్కెట్లోకి వచ్చేసరికి అందులో చాలా ఏళ్లు కరిగిపోతాయి. మిగిలిన కాలంలో ఒక్క కంపెనీయే అమ్ముతుంది కాబట్టి ధర తన ఇష్టం. హెపటైటిస్ సి కి వాడే సొఫొస్బువిర్ 2013లో అమెరికాలో వచ్చినప్పుడు మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాల కోర్సు 84,000 డాలర్లు.

పేటెంట్ పోయాక ఏమవుతుందో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో లెక్కగట్టింది. ఒక్క జెనరిక్ కంపెనీ వస్తే తయారీదారు అమ్మే ధర బ్రాండ్ కన్నా సుమారు 39 శాతం తగ్గింది. ఇద్దరైతే 54 శాతం. నలుగురైతే 79. ఆరుగురు, అంతకు మించి ఉంటే 95 శాతానికి పైగా. వాదనలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు ఏవైనా ఉంటే ఇవే. జెనరిక్ వచ్చినంత మాత్రాన సరిపోదు, ఎక్కువమంది తయారు చేయాలి. దీనికి అటు పక్క ఉదాహరణ కూడా దగ్గర ఉంచుకోండి. 1953 నుంచి వాడుకలో ఉన్న డారాప్రిమ్ అనే మందుకి పేటెంట్ ఎప్పుడో పోయింది. అయినా 2015లో అమెరికాలో దాన్ని అమ్మే హక్కు కొన్న కంపెనీ మాత్ర ధరని 13.50 డాలర్ల నుంచి 750కి పెంచేసింది. అక్కడ పోటీగా అమ్మేవాళ్లు లేరు, అంతే కారణం.

మీరు జెనరిక్ పక్షాన ఉంటే ఎదుటివాళ్లు తప్పకుండా అడిగేది: "మరి కొత్త మందు కనిపెట్టడానికి అయ్యే ఖర్చు ఎవరిస్తారు?" దీన్ని కొట్టిపారేయకండి, అది సరైన ప్రశ్నే. పరీక్షల దాకా వెళ్లిన మందుల్లో ఎక్కువ భాగం మధ్యలోనే విఫలమవుతాయి, ఆ నష్టం కూడా గెలిచిన మందు మీదే పడుతుంది. అయితే ఈ వాదన పేటెంట్ ఉన్న కాలానికి వర్తిస్తుంది. పేటెంట్ అయిపోయిన బీపీ మాత్రకి బ్రాండ్ పేరుతో ఎక్కువ కట్టడాన్ని పరిశోధన ఖర్చు పేరుతో సమర్థించలేం. ఈ గీత స్పష్టంగా గీయండి. చాలామంది దీన్ని ఒప్పుకుంటారు కూడా.

పేటెంట్ ఉన్న కాలంలోనూ అన్ని దారులూ మూసుకుపోవు. హెచ్ఐవీకి మూడు మందులు కలిపి వాడే చికిత్స ఒక మనిషికి ఏడాదికి పది వేల డాలర్లు దాటుతున్న రోజుల్లో, 2001లో భారతీయ మందుల కంపెనీ సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ అదే చికిత్సని వైద్య సేవా సంస్థలకి 350 డాలర్లకి ఇస్తామన్నారు. భారతదేశంలో అప్పట్లో మందు తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చేవారు, మందుకి కాదు. 1970 నాటి చట్టం అది. అందుకే అది వీలైంది. అదే ఏడాది దోహాలో ప్రపంచ దేశాలు కూర్చుని, ప్రజారోగ్యం కోసం పేటెంట్‌ని పక్కన పెట్టి వేరే వాళ్లకి తయారీ లైసెన్సు ఇచ్చే హక్కు ప్రభుత్వాలకి ఉందని రాసుకున్నాయి. కాబట్టి "ధర అంటే మార్కెట్ నిర్ణయం, మనం చేయగలిగిందేమీ లేదు" అని ఎవరైనా పెదవి విరిస్తే ఈ కథ చెప్పండి. ఇన్సులిన్ సంగతి కూడా చెప్పొచ్చు. కనిపెట్టినవాళ్లు 1923లో దాని పేటెంట్‌ని తలా ఒక్క డాలరుకి టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. వందేళ్ల తర్వాత కూడా ఇన్సులిన్ ధర మీద కొట్లాటలు జరుగుతూనే ఉన్నాయంటే, మంచి మనసు ఒక్కటే ధరని కాపాడలేదని అర్థం.

4. "జెనరిక్ పనిచేయదు" అంటే, ఏ మందు అని అడగండి

అన్నిటికన్నా ఎక్కువ వేడి పుట్టేది ఇక్కడే. రెండు వైపులా తప్పులు జరిగేదీ ఇక్కడే.

ఎవరైనా "పనిచేయలేదు" అంటే వెంటనే అబద్ధం అనకండి. మూడు విషయాలు అడగండి: ఏ మందు, ఎంత డోసు, పనిచేయలేదని ఎలా తెలిసింది? బీపీ కొలిచి చూశారా, షుగర్ పరీక్షలో తేలిందా, లేక ఒంట్లో ఎలాగో అనిపించిందా? అనిపించడాన్ని ఎగతాళి చేయొద్దు. 2008లో ఒక ప్రయోగం జరిగింది. మందే లేని ఉత్తి మాత్రని కొంతమందికి రెండున్నర డాలర్ల నొప్పి మాత్ర అని, మరికొంతమందికి 10 సెంట్లకి తగ్గించి అమ్ముతున్న మాత్ర అని చెప్పి ఇచ్చారు. ఖరీదైనది అనుకున్నవాళ్లలో 85 శాతం మంది నొప్పి తగ్గిందన్నారు. చవక అనుకున్నవాళ్లలో 61 శాతమే. రెండిట్లోనూ ఏమీ లేదు! ధర తెలియడమే మన ఒంటి మీద పనిచేస్తుంది. ఇది చదువుకోనివాళ్ల మూఢనమ్మకం అనుకుంటే పొరపాటు, మనుషులందరికీ ఉన్నదే.

ఇక జెనరిక్‌ని ఎలా పరీక్షిస్తారో మీకు తెలిసి ఉండాలి. లేకపోతే "ప్రభుత్వం ఒప్పుకుంది కదా" అనడం తప్ప మీ దగ్గర జవాబు ఉండదు. ఆరోగ్యంగా ఉన్న కొంతమందికి ఒకసారి బ్రాండ్ మందు, కొన్నాళ్ల విరామం తర్వాత జెనరిక్ ఇస్తారు (కొందరికి ముందు జెనరిక్, తర్వాత బ్రాండ్). గంటగంటకీ రక్తం తీసి, మందు రక్తంలో ఎంత ఎత్తుకి వెళ్లింది, మొత్తం మీద ఎంత చేరింది అని కొలుస్తారు. జెనరిక్‌కీ బ్రాండ్‌కీ ఉన్న నిష్పత్తి 80 శాతం నుంచి 125 శాతం మధ్య ఉండాలి.

ఈ అంకెల దగ్గరే పెద్ద అపార్థం జరుగుతుంది. "చూశారా, 20 శాతం మందు తక్కువున్నా పాస్ చేసేస్తారు" అంటారు, కొందరు డాక్టర్లు కూడా. అది నిజం కాదు. మాత్రలో ఉండే మందు కొలతకీ ఈ పరీక్షకీ సంబంధం లేదు, దానికి వేరే కట్టుబాట్లున్నాయి. పైగా 80–125 అనేది సగటు ఉండాల్సిన హద్దు కూడా కాదు. ఆ సగటుకి అటూ ఇటూ ఉండే అనుమానపు పరిధి, అంటే 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, మొత్తంగా ఆ హద్దుల లోపల ఇమడాలి. సగటే 20 శాతం తగ్గితే ఆ పరిధిలో సగం హద్దు దాటిపోతుంది, మందు ఫెయిలవుతుంది. ఎఫ్‌డీఏ 1996 నుంచి 2007 వరకు ఒప్పుకున్న మందులకి సంబంధించిన 2,070 అధ్యయనాలు తిరగేస్తే, రక్తంలో మొత్తం చేరిన మందులో బ్రాండ్‌కీ జెనరిక్‌కీ సగటు తేడా మూడున్నర శాతం చుట్టూ తేలింది. నచ్చజెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఇప్పుడు ఎదుటివాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చేయండి. జెనరిక్ పక్షాన మాట్లాడేవాళ్లు "అన్నీ ఒక్కటే" అని గొప్పగా అనేసి, తర్వాత ఒక్క ఎదురు ఉదాహరణకే కూలబడతారు. ఉదాహరణలు ఉన్నాయి మరి. డిప్రెషన్‌కి వాడే బుప్రోపియాన్‌ని నెమ్మదిగా విడుదలయ్యే 300 మిల్లీగ్రాముల మాత్రగా ఒక జెనరిక్ రకం అమెరికాలో అమ్మారు. దాన్ని ఒప్పుకున్నది 150 మిల్లీగ్రాముల మాత్ర మీద చేసిన పరీక్షల ఆధారంగా. మందు మార్చాక బాగాలేదని రోగులు ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. చివరికి ఎఫ్‌డీఏ స్వయంగా పరీక్ష చేయించి, అది బ్రాండ్‌తో సమానం కాదని 2012లో ప్రకటించింది. ఫిర్యాదు చేసినవాళ్లదే నిజమైంది. 2013లో జెనరిక్ మందులు చేసే భారతీయ కంపెనీ రాన్‌బాక్సీ అమెరికా విభాగం కల్తీ మందులు, తప్పుడు వివరాల కేసులో నేరం ఒప్పుకుంది, కంపెనీ 50 కోట్ల డాలర్లు కట్టింది. ఇవి దాచకండి. మీరే ముందు చెబితే మీ మాటకి బరువు వస్తుంది.

చెప్పాక ఒక ప్రశ్న వేయండి: ఈ తప్పులు జెనరిక్ అయినందుకు జరిగాయా, తనిఖీ సరిగా లేనందుకు జరిగాయా? నా ఉద్దేశంలో రెండోదే. వయాక్స్ అనే బ్రాండ్ నొప్పి మందుని గుండెపోటు ప్రమాదం బయటపడి 2004లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. 2018లో బీపీ మందు వల్సార్టాన్‌లో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థం ఎన్‌డీఎంఏ కనిపించినప్పుడు, చిక్కంతా ముడి మందు తయారైన ఫ్యాక్టరీలో ఉంది. పెట్టె మీద పేరు చూసి ఫ్యాక్టరీ శుభ్రత తెలియదు. అందుకే "జెనరిక్ మంచిదా చెడ్డదా" అనే వాదనని "తనిఖీలు ఎవరు, ఎంత తరచుగా చేస్తున్నారు, ఫలితాలు బయట పెడుతున్నారా" అనే వైపు తిప్పండి. అక్కడ బ్రాండ్ అభిమానీ జెనరిక్ అభిమానీ ఒకే మాట మీదికి వస్తారు.

ఇంకో రెండు మినహాయింపులు తెలిసి ఉండాలి. కొన్ని మందులకి పనిచేసే మోతాదుకీ హాని చేసే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ: వార్ఫరిన్, లిథియం, ఫెనిటోయిన్, డిగాక్సిన్, అవయవ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్, థైరాయిడ్‌కి వాడే లెవోథైరాక్సిన్. వీటిలో జెనరిక్ వాడకూడదని కాదు. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మాటిమాటికీ మారకూడదు. రెండోది, ఇన్సులిన్, కొన్ని క్యాన్సర్ ఇంజెక్షన్ల లాంటివి జీవకణాల్లో తయారయ్యే మందులు. వాటి నకళ్లని బయోసిమిలర్ అంటారు, వాటి పరీక్షలు వేరు. జెనరిక్ మాత్ర గురించి చెప్పిందంతా వాటికి అంటగట్టకండి.

మాత్ర రంగు, ఆకారం మారినా తంటానే. కొత్త రంగు మాత్ర చేతిలో పడ్డాక మందు ఆపేసేవాళ్లు పెరుగుతారని మూర్ఛ, గుండెపోటు రోగుల మీద చేసిన పరిశీలనల్లో కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లకి మార్చేటప్పుడు "ఇది అదే మందు, రంగే వేరు" అని విప్పి చెప్పడం మీ పని.

5. బాధ్యత మాట వచ్చినప్పుడు: ఎవరు నిర్ణయించారు?

నాలుగో మనిషి దగ్గరికి వద్దాం. "ఎవరి ఆరోగ్యం వాళ్ల బాధ్యత" అనే మాటలో నిజం ఉంది. దాన్ని ఒక్క వేటుతో నరికేయాలని చూడకండి. "అయితే పేదవాడు చచ్చిపోవాలా?" అని అరిస్తే వాదన అక్కడే చచ్చిపోతుంది. బదులుగా ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఒక జబ్బు చుట్టూ జరిగిన నిర్ణయాలన్నీ వరసగా చెప్పుకుని, ఒక్కొక్కటీ ఎవరు తీసుకున్నారో చూడండి. నిర్ణయం ఎవరిదో బాధ్యత వాళ్లది. నా మటుకు నాకు ఈ చర్చ మొత్తంలో పనికొచ్చే సూత్రం ఇదే.

ఏ పరీక్ష చేయించాలో ఎవరు నిర్ణయించారు? డాక్టరు. ఏ మందు? డాక్టరు. ఏ బ్రాండ్? డాక్టరు, లేదా షాపులో ఆరోజు ఉన్నదాన్ని బట్టి మందులమ్మే మనిషి. ధర? కంపెనీ, కొంత ప్రభుత్వం. కట్టేది మాత్రం రోగి. మామూలుగా సంతలో వస్తువు కొనేటప్పుడు ఎంచుకునేదీ కట్టేదీ వాడేదీ ఒక్కరే. వైద్యంలో ఎంచుకునేది ఒకరు, కట్టి వాడేది ఇంకొకరు. అసలు తనకి ఏం కావాలో రోగికి తెలియకపోవడమే ఈ మార్కెట్‌ని వేరు చేస్తుందని ఆర్థికవేత్త కెనెత్ ఆరో (Kenneth Arrow) 1963లోనే వివరించారు. అలాంటప్పుడు "తెలివిగా కొనుక్కోవాల్సింది" అని రోగికి చెప్పడం అన్యాయం.

డాక్టర్ల మీద కమిషన్ల నింద వెయ్యడం తేలిక, నిరూపించడం కష్టం. మీకు తెలిసిన డాక్టరు పేరెత్తకండి. కావాలంటే ఇలా అనొచ్చు: మందుల కంపెనీలు డాక్టర్లకి ఇచ్చేవి బయట పెట్టాలని అమెరికాలో 2010లో చట్టం వచ్చింది. ఆ లెక్కల్ని పరిశీలిస్తే, కంపెనీ ఖర్చుతో ఒక్క పూట, 20 డాలర్లలోపు భోజనం చేసిన డాక్టర్లు కూడా ఆ కంపెనీ బ్రాండ్‌ని కొంచెం ఎక్కువగా రాస్తున్నట్టు 2016లో తేలింది. భోజనం వల్లే రాశారని దీంతో రుజువు కాదు. లెక్కలు బయట ఉండాలనడానికి మాత్రం ఇది చాలు.

మరి రోగి చేతిలో ఉన్నవేమిటి? పొగ, మద్యం, నడక, తిండి కొంతవరకు, వేళకి మాత్ర వేసుకోవడం, లక్షణం కనిపించగానే వెళ్లి చూపించుకోవడం, అడగడం. వీటి విషయంలో బాధ్యత గురించి మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా. మనిషి చేతిలో ఏమీ లేదన్నట్టు మాట్లాడటం కూడా అతన్ని చిన్నపిల్లాడిలా చూడటమే. కానీ పసితనంలో వచ్చిన టైప్ 1 షుగర్‌ని, వంశంలో వచ్చిన కొలెస్ట్రాల్‌ని, వయసుని ఈ జాబితాలో కలపొద్దు. చేతిలో ఉన్నవాటిలో కూడా కొన్ని ధరతో ముడిపడి ఉంటాయి. దీర్ఘకాలిక జబ్బులవాళ్లలో మందులు చెప్పినట్టు వాడేది సంపన్న దేశాల్లో కూడా సగటున సగంమందే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. అందులో మరిచిపోయేవాళ్లున్నారు, డబ్బుల్లేక రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

"సొంత జేబులోంచి కడితేనే జనానికి జాగ్రత్త వస్తుంది" అనే వాదన కూడా వస్తుంది. దీనికి గట్టి ప్రయోగమే ఉంది. అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ 1970లలో మొదలుపెట్టి కొన్నేళ్లపాటు కుటుంబాలకి చీటీలు వేసినట్టు వేరు వేరు బీమాలు ఇచ్చింది. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం, కొందరు ఒక పరిమితి దాకా చాలా భాగం తామే కట్టుకోవాలి. ఎక్కువ కట్టుకున్నవాళ్ల వైద్య ఖర్చు ఉచితం ఉన్నవాళ్ల కన్నా సుమారు 30 శాతం తగ్గింది. సగటు మనిషి ఆరోగ్యం పెద్దగా దెబ్బతినలేదు. ఇంతవరకు నాలుగో మనిషి గెలిచినట్టే. అయితే జనం అనవసరమైన వైద్యాన్ని ఎంత తగ్గించారో అవసరమైనదాన్నీ దాదాపు అంతే తగ్గించారు. పేదవాళ్లలో బీపీ ఎక్కువున్నవారికి ఉచితంగా చూసినప్పుడే బీపీ బాగా అదుపులోకి వచ్చింది. రెండు సగాలూ చెప్పండి. తమకి కావాల్సిన సగమే చెప్పేవాళ్లని ఈ ఒక్క ప్రయోగం దగ్గరే పట్టుకోవచ్చు.

ఇంకొకటి, "సిగరెట్లు తాగేవాళ్ల వైద్యానికి మా పన్నులు పోతున్నాయి" అనే కోపం. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు 20 ఏళ్ల వయసు నుంచి జీవితాంతం అయ్యే వైద్య ఖర్చు అంచనా వేశారు. ఆరోగ్యంగా బతికేవాళ్లకి సుమారు 2,81,000 యూరోలు, ఊబకాయులకి 2,50,000, పొగతాగేవాళ్లకి 2,20,000. ఎక్కువకాలం బతికినవాళ్లకి ముసలితనపు జబ్బుల ఖర్చు తోడవుతుంది మరి. పొగ మానడానికి కారణం ఆ మనిషి ప్రాణం. ఖజానా లెక్క చూపించి మాన్పించాలనుకుంటే ఆ లెక్కే ఎదురు తిరుగుతుంది. పైగా బాధ్యత ఒక్క మనిషి మనోబలం మీదే నడవదు. పొగాకు ధర 10 శాతం పెరిగితే వాడకం సంపన్న దేశాల్లో 4 శాతం, మిగతా దేశాల్లో 5 శాతం చొప్పున తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనిషి నిర్ణయం వెనకాల పన్ను వేసినవాళ్ల నిర్ణయం కూడా ఉందన్నమాట.

6. అంకె వినగానే "దేనిలో?" అనండి

అమెరికాలో రాసే ప్రిస్క్రిప్షన్లలో సుమారు 90 శాతం జెనరిక్‌లే, మందుల ఖర్చులో వాటి వాటా మాత్రం ఐదో వంతు కన్నా తక్కువ. మొదటి అంకె మాత్రమే చెబితే "అన్నీ చవకే కదా" అనిపిస్తుంది. రెండోది మాత్రమే చెబితే జెనరిక్ ఎవరూ వాడటం లేదనిపిస్తుంది.

7. గదిలో జబ్బు మనిషి ఉన్నారేమో చూసుకోండి

ఉంటే వాళ్ల మందుల షీట్‌ని ఉదాహరణగా తీసుకోవద్దు. అంతే.

8. వాదన అయ్యాక చేయాల్సిన పని

మందు మార్చి చూద్దాం అని అందరూ అనుకున్నారనుకోండి. వాడుతున్న ప్రతి మందుకీ షీట్ మీద బ్రాండ్ పేరుతో పాటు ఉండే అసలు మందు పేరు రాసుకోండి, సాల్ట్ పేరు అంటుంటారు చూశారా, అది. ఆ పేర్లకి 1953 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ జాబితా నడుపుతోంది కాబట్టి దాదాపు ఏ దేశం వెళ్లినా ఆ పేరే పనికొస్తుంది. పక్కన ఎన్ని మిల్లీగ్రాములో రాయండి. పేరు చివర ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్, ఈఆర్ లాంటివి ఉంటే అవి కూడా రాయండి, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రకి బదులు మామూలు మాత్ర వేసుకుంటే ప్రమాదం. రెండు మందులు కలిపిన మాత్రైతే రెండు పేర్లూ కావాలి.

ఆ కాగితం డాక్టరుకి చూపించి నేరుగా అడగండి: "డాక్టరు గారూ, వీటిలో జెనరిక్‌కి మార్చకూడనిది ఏదైనా ఉందా? మారిస్తే ఏ పరీక్ష, ఎప్పుడు చేయించాలి? అసలు వీటిలో ఇప్పుడు అవసరం లేనిది ఏదైనా ఉందా?" మూడోదాన్ని చాలామంది అడగరు. ఖర్చు తగ్గించడంలో ఒక్కోసారి దాన్ని మించింది లేదు, వేసుకోనక్కర్లేని మాత్ర కన్నా చవకైన మాత్ర ఉండదు కాబట్టి.

అన్నీ ఒకేసారి మార్చకండి. ఒక్కటే మార్చండి, మార్చడానికి ముందు రెండు వారాలు, మార్చాక రెండు వారాలు బీపీ లేదా షుగర్ రాసి పెట్టండి. ఏదైనా తేడా వస్తే ఏ మందు వల్లో తెలుస్తుంది. కొన్న మందు కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఫోనులో ఫొటో తీసుకోండి, ఫిర్యాదు చేయాల్సి వస్తే ముందు అడిగేది అదే. థైరాయిడ్ మాత్ర కంపెనీ మారితే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించి, రిపోర్టు డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా డోసు మీ అంతట మీరు మార్చకండి.